బొమ్మ తుపాకీకి ఇనుము కళ రావాలంటే ముందు ఆ వెండి డబ్బా పక్కన పెట్టు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: 1948 నాటి నల్గొండ పల్లెలో జరిగే కథ, ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్, దొర చేతిలో ఒక రివాల్వర్, దళం వాళ్ళ దగ్గర రెండు భర్మార్లు, అంటే నాటు తుపాకులు. రివాల్వర్ కోసం ప్లాస్టిక్ బొమ్మ కొన్నావ్, దానికి వెండి స్ప్రే కొట్టావ్, మూడు కోటింగులు వేసినా స్టీలు గ్లాసులా ఉంది తప్ప గన్నులా లేదు, తప్పెక్కడ జరిగింది అని. ఫోటో చూశా. నిజం చెప్పాలంటే గ్లాసు కూడా కాదు, కరెంటు స్తంభానికి వేసే అల్యూమినియం పెయింటులా ఉంది. బాధపడకు, నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లోకి వచ్చిన కొత్తలో చేసిన మొదటి పిస్టలూ ఇలాగే ఉండేది, దాన్ని చూసి మా మేస్త్రి "దీన్ని తీస్కెళ్ళి గేటుకి తగిలించు" అన్నాడు.

హైదరాబాద్‌లో సినిమా ప్రాపర్టీలు, అంటే షూటింగ్‌లో వాడే వస్తువులు, చేస్తూ ఇరవై ఏళ్ళు దాటింది, గదలు, కిరీటాలు, బల్లేలు, తుపాకులు అన్నీ చేశా, అన్నిట్లోకీ జనం ఎక్కువ తప్పు చేసేది తుపాకీ దగ్గరే, ఎందుకంటే లోహం అనగానే చెయ్యి తిన్నగా వెండి డబ్బా మీదకి పోతుంది. కానీ ఆలోచించు, ఆ కాలం తుపాకీలో వెండి రంగు ఎంత? నికెల్ పూత వేసిన షోకు రివాల్వర్లు కొన్ని ఉండేవి, అవి వదిలెయ్, మిగతావి దాదాపు అన్నీ నలుపే. ఇనుము తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో దాని పై పొరని రసాయనాలతో నల్ల ఆక్సైడ్‌గా మార్చేస్తారు, దాన్నే బ్లూయింగ్ అంటారు. అది పైన పూసిన రంగు కాదు, ఇనుమే ఒక రకం తుప్పుగా మారడం, కాబట్టి ఎండలో చూస్తే నలుపు లోపల్నించి నీలం తొంగి చూస్తుంది. వెండి కనబడేది ఆ పొర అరిగిపోయిన చోట మాత్రమే. అంటే నువ్వు మొత్తం గన్నుకి వేసింది, అంచుల మీద గోరంత ఉండాల్సిన రంగు.

ఇంకో ముక్క చెప్తా, ఇది మా మేస్త్రి నాకు చూపించింది. వంటింట్లోకెళ్ళి ఒక స్టీలు గరిటె తెచ్చుకుని కిటికీ దగ్గర పట్టుకో. ఎక్కడైనా "వెండి రంగు" కనబడుతుందా? కనబడదు. కాడ మీద ఒక తెల్లటి గీత, దాని పక్కనే కటిక నలుపు గీత, మళ్ళీ తెలుపు. లోహం అంటే పక్కపక్కనే ఉండే తెలుపూ నలుపూ అంతే. వెండి పెయింట్‌లో ఉండే అల్యూమినియం రేకుపొడి ఎటు పడితే అటు పడుకుని వెలుగుని అన్ని వైపులా చెదరగొడుతుంది, అందుకే అది ఎప్పుడూ ఒకే బూడిద రంగులో మెరుస్తూ ఉంటుంది తప్ప ఆ నలుపు దానికి రాదు. కాబట్టి పని నలుపుతో మొదలెట్టాలి, మెరుపు చివర్లో రావాలి.

రంగు కంటే ముందు బొమ్మ బొమ్మలా కనబడకుండా చెయ్యి. ఏ ప్లాస్టిక్ తుపాకీకైనా నడిమధ్యలో పైనించి కిందికి ఒక సన్నటి గీత ఉంటుంది, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు. నువ్వు ఎంత గొప్ప రంగు వెయ్యి, క్లోజప్‌లో ఆ గీత కనబడిందంటే అయిపోయింది. బ్లేడుని నిలువుగా పట్టుకుని ఆ గీత వెంబడి మెల్లగా గీకు, కొయ్యడం కాదు, గీకడం. తర్వాత 220 నంబర్ ఎమరీ పేపర్, తర్వాత 400, ఆఖర్లో 800 నీళ్ళు తడిపి. బ్యారెల్ మీద అచ్చేసిన కంపెనీ పేరు, పక్కన స్క్రూ గుంటలు, బ్యాటరీ మూత సందు, ఇవన్నీ ఎమ్‌సీల్‌తో పూడ్చెయ్. సన్న సందులకైతే ఫెవిక్విక్ ఒక చుక్క వేసి పైన చిటికెడు వంటసోడా చల్లు, క్షణంలో రాయి అయిపోతుంది, ఆవిరి కళ్ళల్లోకి పోకుండా చూస్కో. ఈ రుద్దుడు పని విసుగు, రెండు సాయంత్రాలు తింటుంది, కానీ సగం ఫలితం ఇక్కడే ఉంది.

ప్లాస్టిక్ ఏ రకమో కూడా చూస్కోవాలి. లోపలి వైపు కనబడని చోట చిన్న పొట్టు కోసి నీళ్ళ గ్లాసులో వెయ్యి. మునిగితే దాదాపుగా మంచిదే, రంగు పట్టే రకం. తేలిందంటే పాలీప్రొపిలీన్ లాంటిది, దాని మీద ఏ రంగూ నిలబడదు, గోరు పెడితే అరటి తొక్కలా ఊడొస్తుంది. అలాంటిదైతే కార్ పెయింట్ షాపులో బంపర్ల కోసం వాడే ప్లాస్టిక్ ప్రైమర్ అడిగి తెచ్చుకో, లేదంటే వేరే బొమ్మ కొను, అదే చవక. మెత్తటి రబ్బరు లాంటి పీవీసీ బొమ్మ మాత్రం వద్దు, దాని మీద స్ప్రే కొడితే నెల రోజులైనా బంక బంకగానే ఉంటుంది. థర్మకోల్ మీద తిన్నగా స్ప్రే కొడితే కరిగి గుంటలు పడుతుందని నీకు తెలిసే ఉంటుంది, తెలీకపోతే ఇప్పుడు తెల్సుకో.

గిన్నెలు తోమే సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకు, వేలి జిడ్డు ఉన్న చోట రంగు కన్ను పడినట్టు గుండ్రంగా విడిపోతుంది. ముందు గ్రే ప్రైమర్, సన్నగా రెండు సార్లు. స్ప్రే డబ్బా జానెడు దూరంలో పట్టుకుని, వస్తువు బయట మొదలుపెట్టి వస్తువు దాటాక ఆపాలి, వస్తువు మీదే మొదలెడితే ఆ మొదటి తుంపర్లు మచ్చలు పడతాయి. ఒకేసారి నిండా కొట్టెయ్యాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది, అదే కొంప ముంచేది, రంగు కారి అంచుల్లో బొట్లు కడుతుంది. వానాకాలం ముసురులో కొడితే తెల్లటి పొగ పట్టినట్టు వస్తుంది, మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి వస్తువు మీద ఇసకలా పడుతుంది, కాబట్టి పొద్దున్నే తొమ్మిదింటి లోపు పని పెట్టుకో. ముక్కుకి మాస్క్ వేస్కో, గుడ్డ కాదు, పెయింటర్లు వాడే ఫిల్టర్ ఉన్నది. మూసిన గదిలో కొట్టకు, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు.

ఇప్పుడు నలుపు. మ్యాట్ వద్దు, పలక మీద సుద్ద లేనప్పటి రంగులా చచ్చిపోయి ఉంటుంది. గ్లాసీ వద్దు, కొత్త హెల్మెట్‌లా ఉంటుంది. ఈ రెంటి మధ్యది, సాటిన్ నలుపు. డబ్బా కాకుండా కలిపి వేసే అలవాటు ఉంటే నలుపులో ముదురు నీలం పది వంతుల్లో ఒక వంతు కలుపు, ఫోన్ కెమెరాకి ఆ నీలం కనబడదు కానీ నలుపు ప్లాస్టిక్ నలుపులా మాత్రం ఉండదు. ఒక రోజంతా ఆరనియ్. పైకి గంటలో ఆరినట్టుంటుంది, లోపల ఆరదు.

అసలు కిటుకు ఇక్కడుంది. స్టేషనరీ షాపులో 6బీ పెన్సిల్ రెండు కొను, ముల్లుని ఎమరీ మీద రుద్దితే మెత్తటి బూడిద రంగు పొడి వస్తుంది. హార్డ్‌వేర్ షాపులో తాళాలకి వేసే గ్రాఫైట్ పొడి దొరికితే ఇంకా సుఖం. బొటనవేలికి ఆ పొడి కొంచెం అద్దుకుని బ్యారెల్ మీద పొడుగ్గా, ఒకే వైపుకి రుద్దు. మొదట ఏమీ అవ్వదు, మసి పూసినట్టుంటుంది, నువ్వు నన్ను తిట్టుకుంటావ్. ఓ పది సార్లు రుద్దాక ఉన్నట్టుండి ఆ నలుపు లోపల్నించి ఒక చల్లటి మెరుపు లేస్తుంది చూడు, అప్పుడు వేలు ఆపి పక్కకి తిప్పి చూస్తే అది ప్లాస్టిక్ అని నీకే నమ్మకం కుదరదు. గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉండే పదార్థం, రుద్దే కొద్దీ ఆ పొరలన్నీ ఒకే వైపు పడుకుంటాయి, వెండి పెయింట్‌లో రేకుపొడి చెయ్యనిది ఇదే. మూలల్లోకి పాత టూత్ బ్రష్ వాడు. ఎత్తుగా ఉన్న చోట ఎక్కువ రుద్దు, పల్లాల్లో వదిలెయ్, ఆ తేడానే కావాలి నీకు.

దీని మీద వార్నిష్ కొట్టాలా అంటావేమో. వద్దు. క్లియర్ కోట్ పడగానే ఆ మెరుపు చచ్చి మళ్ళీ మామూలు నలుపు అయిపోతుంది, నేను ఒకసారి రాత్రంతా కూర్చుని చేసిన ఆరు పిస్టళ్ళు పొద్దున్నే ఒక్క క్లియర్‌తో పాడు చేసుకున్నా, షూటింగ్ ఏడింటికి. వార్నిష్ కావాలంటే గ్రాఫైట్‌కి ముందు వేస్కో, సాటిన్‌ది. షూటింగ్‌లో యాక్టర్ చెయ్యి పడి గ్రాఫైట్ పోతే మళ్ళీ వేలితో రుద్దడమే, జేబులో పొడి పొట్లం ఉంచుకో.

ఇక అరుగుదల. ఇక్కడ అందరూ బ్రష్ తీస్కుని అంచులన్నిటికీ సమానంగా వెండి గీత గీసేస్తారు, అది ముగ్గు వేసినట్టు ఉంటుంది. పల్లెలో గడ్డపార ఎప్పుడైనా గమనించావా? మొన కొస తెల్లగా మెరుస్తుంది, చెయ్యి పట్టే మధ్య భాగం నున్నగా నల్లగా మెరుస్తుంది, మిగతాదంతా గోధుమ రంగు తుప్పు. ఒకే ఇనుము, మూడు రంగులు, ఎందుకంటే ఒకటి మట్టి తగిలిన చోటు, ఒకటి చెయ్యి తగిలిన చోటు, ఒకటి ఏదీ తగలని చోటు. తుపాకీకీ అంతే, దేన్ని ఏది తాకుతుందో అడుగు. రివాల్వర్ తోలు సంచిలోంచి తీసి పెట్టి తీసి పెట్టి బ్యారెల్ కొస రెండు పక్కలా అరుగుతుంది, సిలిండర్ ముందు అంచు అరుగుతుంది, బొటనవేలు లాగే హ్యామర్ తల అరుగుతుంది. ఇంకోటి చాలామందికి తెలీదు, గుండ్లు పెట్టే సిలిండర్ తిరిగి తిరిగి, దాన్ని ఆపే చిన్న కీలు రాసుకుని సిలిండర్ చుట్టూ ఒక సన్నటి మెరిసే గీత పడుతుంది. బాగా వాడిన చాలా రివాల్వర్ల మీద ఉంటుంది. ఆ ఒక్క గీత నీ బొమ్మ మీద వేశావంటే తుపాకులు తెలిసినవాడు కూడా రెండోసారి చూస్తాడు.

వేసే పద్ధతి డ్రై బ్రష్. గట్టి వెంట్రుకల పాత బ్రష్ మీద వెండి రంగు తీస్కుని న్యూస్ పేపర్ మీద తుడువు, ఇంకా తుడువు, ఇక రంగే లేదు అనిపించినప్పుడు దాన్ని అంచు మీద ఆడించు. పట్టీ పట్టనట్టు పడాలి. తర్వాత ముదురు గోధుమ రంగు పోస్టర్ కలర్ నీళ్ళల్లో పల్చగా కలిపి, ఒక చుక్క సబ్బు నీళ్ళు వేసి స్క్రూల చుట్టూ, సందుల్లో పారించి, పైన తడిగుడ్డతో తుడిచెయ్, లోపల మిగిలింది పాత నూనె మురికిలా ఉంటుంది. తుప్పు మాత్రం దొర తుపాకీకి వెయ్యకు. దొర ఇంట్లో దాన్ని తుడవడానికే ఒక మనిషి ఉంటాడు.

భర్మార్లు వేరే కథ, వాటిని రివాల్వర్‌లాగే నల్లగా చేశావంటే నీ సినిమాలో రెండు ప్రపంచాలూ ఒకే షాపులో కొన్నట్టుంటాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఊళ్ళ దగ్గర ఉన్నవి వడిసెలలూ బరిసెలూ గుతపలూ (దుడ్డుకర్రలు), దొరికితే భర్మార్లు, అంటే గొట్టంలోకి మూతి వైపునించి మందూ గుండూ కూరి పేల్చేవి. వాటికి ఫ్యాక్టరీ బ్లూయింగ్ నిగనిగ అంటగట్టకు, కొలిమి పని కనబడాలి. దానికి శాంపిల్ మీ ఇంట్లోనే ఉంది, అమ్మమ్మ కాలం నాటి కత్తిపీట. ఒంటి మీద నలుపూ గోధుమా కలిసిన రంగు, సుత్తి దెబ్బల నొక్కులు, అంచున మాత్రం తళతళ. గొట్టానికి పీవీసీ పైపు వాడు, నున్నదనం పోవడానికి ఎమ్‌సీల్ పల్చగా పూసి తడి వేలితో అక్కడక్కడ నొక్కు. నలుపులో గోధుమ రంగు బాగా కలిపి వెయ్యి, మీద గ్రాఫైట్ చెయ్యి పట్టే చోటే. పేలే చోటు దగ్గర మసి, దాని చుట్టూ బూడిద తెలుపు కొంచెం, తుపాకీ మందు కాలితే అలాంటి మడ్డి మిగులుతుంది. తుప్పు చుక్కలు ఇక్కడ వేస్కోవచ్చు, నారింజ రంగు కాదు, ఇటుకపొడికి కాఫీ కలిపినట్టు ముదురుగా.

కర్ర భాగానికి ప్లాస్టిక్ మీద కర్ర రంగు వెయ్యడం నేర్పమని అడుగుతావ్, నేర్పగలను, కానీ ఎందుకు? వడ్రంగి దగ్గరికెళ్ళి టేకు ముక్క తెచ్చుకుని పిడికి సరిపడా చెక్కించు, ఆముదం గానీ అవిసె నూనె గానీ పట్టించి వారం చేత్తో తిప్పు. నిజం కర్ర పక్కన ఉంటే అబద్ధపు ఇనుము కూడా నిజంలా కనబడుతుంది.

బరువు సంగతి. పదేళ్ళ కిందట ఒక షూటింగ్‌కి బైక్ మీద రైఫిల్ బొమ్మ గోనెసంచిలో చుట్టి తీస్కెళ్తున్నా, గొట్టం బయటికి పొడుచుకొచ్చింది, టీ తాగుదామని ఆగితే ఎవరో చూసి పోలీసులకి ఫోన్ చేశారు. వాళ్ళొచ్చి నన్నూ సంచినీ స్టేషన్‌కి పట్టుకెళ్ళారు, గుండె జారిపోయింది నాకు. ఎస్సై గారు దాన్ని ఒంటి చేత్తో ఎత్తగానే నవ్వేశారు. "రంగు బానే వేశావ్ గానీ, మా త్రీ నాట్ త్రీ ఒంటి చేత్తో ఇలా లేవదయ్యా" అన్నారు. ఆయన చెప్పింది నిజం, ఆ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ దాదాపు నాలుగు కిలోలుంటుంది, వెబ్లీ లాంటి ఆ కాలం బ్రిటీష్ రివాల్వర్ రకాన్ని బట్టి ముప్పావు కిలో నించి కిలో పైదాకా ఉంటుంది, నీ బొమ్మ నూటయాభై గ్రాములుంటుందేమో. యాక్టర్ మణికట్టు ఆ తేడాని దాచలేదు, పౌడర్ డబ్బా పట్టుకున్నట్టు ఊపేస్తాడు. బొమ్మని రెండుగా విప్పి పిడిలోపల ఇనుప నట్లు పెట్టి ఎమ్‌సీల్‌తో కదలకుండా బిగించెయ్, గలగలలాడితే అదీ సౌండ్‌లో దొరుకుతుంది. అరకిలో దాటితే చాలు, నటన తేడా తెలుస్తుంది.

ఆ రోజు నవ్వుతో అయిపోయింది గానీ అన్ని చోట్లా అవ్వదు. అమెరికాలో బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు గుర్తు ఉండాలని 1988లో చట్టమే చేశారు, 2014లో క్లీవ్‌లాండ్‌లో పన్నెండేళ్ళ పిల్లాడి చేతిలో ఉన్న బొమ్మ పిస్టల్‌కి ఆ గుర్తు ఊడిపోయి ఉంది, పోలీసు వచ్చిన సెకన్లలో కాల్చేశాడు, పిల్లాడు చనిపోయాడు. అక్కడ తెలుగు సంఘాల్లో నాటకాలు వేసే మనవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నీకు చెప్పేది ఏంటంటే, షూటింగ్ ఉన్న ఊరి స్టేషన్‌లో ముందే రాతపూర్వకంగా ఇచ్చి ఒక కాపీ జేబులో పెట్టుకో, ఊళ్ళో పెద్దలకి చెప్పు, తుపాకీని డబ్బాలో పెట్టి మోసుకెళ్ళు, షాట్ అవ్వగానే డబ్బాలోకే. మూతికి నారింజ రంగు బిరడా ఒకటి చేసి పెట్టుకో, కెమెరా తిరగనంత సేపు అది ఉండాలి. డాబా ఎక్కి దాంతో రీల్స్ చేస్తానని మీ వాళ్ళెవరైనా అంటే బొమ్మ లాగేసుకో. అలాగే నిజం తుపాకీ ఖాళీదే కదా అని ఎవరైనా ఇస్తానంటే మాత్రం అస్సలు సెట్ మీదకి రానివ్వకు, 2021లో న్యూ మెక్సికోలో రిహార్సల్లో కెమెరావుమన్ చనిపోయింది అలాంటి "ఖాళీ" తుపాకీతోనే.

ఇక నీ చేతిలో ఉన్న వెండి బొమ్మ. దాన్ని థిన్నర్‌తో కడగాలా అని చివర్లో అడిగావ్ కదా, పొరపాటున కూడా వద్దు, రంగుతో పాటు ప్లాస్టిక్ కూడా కరిగి బంకవుతుంది. అసలు తియ్యక్కర్లేదు. గీతలు గీకి, గుంటలు పూడ్చి, గీకిన చోట మళ్ళీ ప్రైమరూ వెండీ వేసి రెండు రోజులు ఆరనిచ్చి, దాని మీదే సాటిన్ నలుపు సన్నగా కొట్టు. ఆరాక గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు ముక్క చిన్నది కత్తిరించి, నేను చెప్పిన చోట్లే, బ్యారెల్ కొసనా, సిలిండర్ అంచునా, హ్యామర్ తలనా మెల్లగా రుద్దు. పైన నలుపు అరిగి కింద నువ్వు వేసిన వెండి బయటికొస్తుంది, నిజం తుపాకీకి జరిగేదీ అదే. డ్రై బ్రష్ కూడా అక్కర్లేదు నీకు. మీద గ్రాఫైట్ రుద్ది, సాయంత్రం నీరెండలో ఫోన్‌తో వీడియో తీసి పెట్టు, చూసి ఎక్కడ ఎక్కువ రుద్దావో చెప్తా.